సామిని కావలికి పెట్టని మా బావ

మా బావ పోయాడన్న కబురు మా అక్క నోటి నుంచి రాలేదు. వాళ్ళ వీధి సంఘం తలైవరు వాట్సాప్‌లో పంపిన బొమ్మతో తెలిసింది. బావ ముఖం చుట్టూ బంగారు రంగు చట్రం, కింద రెండు దీపాలు, 'మా వీధి వెలుగు ఆరిపోయింది' అని తమిళంలో ఒక ముక్క. దాని కింద తలైవరు పేరు, పదవి, నవ్వు ముఖం. పోయిన మనిషి ఫోటో కన్నా సంతాపం తెలిపే మనిషి ఫోటో కాస్త పెద్దదిగా ఉంది. అక్క ఫోను ఆ తర్వాత వచ్చింది. "రేయ్, ఆయన పొయినాడురా" అంది. అంతే.

తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కి తిరుత్తణిలో దిగేదాకా ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రావలసిన చోట వెగటు పుట్టింది. బావను తలుచుకోవాలని కూర్చున్నవాణ్ణి ఆయన్ని ఏడిపించినవాళ్ళను కూడా తలుచుకుంటున్నాను. పాఠకులు మన్నించాలి. వాళ్ళను వదిలేసి ఆయన్ని ఒక్కణ్ణే పొగిడితే అది కూడా ఆ వాట్సాప్ బొమ్మ లాగే ఉంటుంది.

తలైవరు అంటే అధ్యక్షుడు. మాది నేతపని చేసే తెలుగు కులం. తరాలుగా అరవనాట ఉన్నాం. అధ్యక్షుడు అనే మాటకు బావ వాళ్ళ వీధిలో ఎవరికీ నోరు తిరగదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పిన బడిలో ఇప్పుడు తెలుగు క్లాసే లేదు. ఈ వ్యాసం అచ్చయితే ఆ వీధిలో చదవగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళు మిగతావాళ్ళకు చదివి వినిపిస్తారనే ఆశతోనే రాస్తున్నాను.

మా బావది గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే నడుము పైభాగమే బయటికి కనబడేది. చిన్నప్పుడు ఆయనకు కాళ్ళు లేవేమో అనుకునేవాణ్ణి. ముక్కుపొడుం పీల్చేవాడు. చారులో ఉప్పు తక్కువైతే గిన్నెను అరచేత్తో అవతలికి తోసేవాడు. పుస్తకమన్నది ముట్టి ఎరగడు. నేను ఎప్పుడు వెళ్ళినా నా సంచీలో రెండు పుస్తకాలు ఉండేవి. వాటిని కూరగాయలు తూచినట్టు చేత్తో ఎత్తి చూసేవాడు.

"ఇంత చదివి యాడ పెట్టుకుంటావు బామ్మర్దీ? నీ తలకాయ చూస్తే అంత జాగా ఉన్నట్టు లేదే!"

పని నేర్చుకోవడానికి ఎవరెవరో వచ్చేవాళ్ళు. వాళ్ళను మగ్గంలో కూర్చోబెట్టి తాను దూరంగా, వాకిలి దగ్గరకు వెళ్ళి కూర్చునేవాడు. లోపల పోగులు టపటపా తెగుతుండేవి. బావ పొడుం పీల్చుకుంటూ వీధిలోకి చూసేవాడు. పక్కన నిలబడి చెప్పకూడదా అని నేనొకసారి అడిగాను. నాదంతా అదే పద్ధతి, బెత్తం చేతిలో పట్టుకుని పక్కనే నిలబడే పద్ధతి.

"నేర్చుకొనేవాడికి జాగా ఇడవాల బామ్మర్దీ. నువ్వు గోడ మాదిరి పక్కనే నిలబడితే వాడు పోగును చూడడు, నిన్ను చూస్తాడు" అన్నాడు.

బావ వాళ్ళ ఊరికి కొంత దూరంలో మిలిటరీ వాళ్ళ విమానాల మైదానం ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు అక్కడే విమానం నడపడం నేర్పుతారు. వాళ్ళు చుట్టూ తిరిగి దిగే దారి సరిగ్గా ఈ వీధి మీదుగా పోతుంది. ఒకే విమానం పొద్దున ఒక పూటంతా తిరిగిన చోటే తిరుగుతుంది. ఇళ్ళ మీదికి వచ్చేసరికి బాగా కిందికి దిగి, మైదానం వైపు మళ్ళుతుంది. పసిపిల్లలు కూడా ఆ మోతకు నిద్ర లేవరు. బావ ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాటిని చూసేవాడు.

"వీడు నిన్నటోడు కాదు. మలుపు కాడ బయపడతాడు చూడు" అనేవాడు. నాకు రెండు విమానాలూ ఒకటే. ఆయనకు మాత్రం అందులో కూర్చున్నవాడు తన మగ్గంలో కూర్చున్న కొత్తవాడి లాగే కనిపించేవాడు.

కొన్నేళ్ళ కిందట ఆ మైదానం చుట్టుపక్కల ఊళ్ళకు ఒక నోటీసు వచ్చింది. విమానాలు తిరిగే దారి కింద ఇంత ఎత్తుకు మించి ఏదీ కట్టకూడదు, కట్టాలనుకుంటే ముందుగా అనుమతి తీసుకోవాలి అని. నోటీసు ఇంగ్లీషులో ఉంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను కాబట్టి చదివి అర్థం చెప్పాను. ఉన్న ఇళ్ళ జోలికి ఎవరూ రారు, ఇకమీదట పైకి కట్టేటప్పుడే జాగ్రత్త అన్నాను. వీధిలోవన్నీ ఒక అంతస్తు, మహా అయితే రెండంతస్తుల ఇళ్ళు. ఆ హద్దుకు కాస్త కిందే ఉన్నాయి.

తలైవరు కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. "మేస్టారూ, మీకు పాత తెలుగు తెలుసు. గవుర్మెంటు ఇంగ్లీషు తెలవదు. ఇది ఇండ్లు కొట్టే నోటీసు" అన్నాడు.

నలభై ఏళ్ళ వయసు, మెడలో లావు గొలుసు, రెండు పవర్‌లూమ్ షెడ్లు. అతడి మాటకు విలువ ఎక్కువ. ఆ సాయంత్రం సంఘం మండపంలో కూటం పెట్టి ఉపాయం కూడా అతడే చెప్పాడు. ప్రతి మిద్దె మీదా ఒక గుడి కట్టాలి. అందులో సుబ్రహ్మణ్య స్వామినో వినాయకుణ్ణో పెట్టాలి. "సామి మీద చెయ్యి ఎవుడేస్తాడు?"

ఈ విద్య మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రోడ్డు పక్క జాగా కావాలంటే ఒక రాయికి పసుపు రాస్తారు. అవతలివాడు గోడ దగ్గర ఉచ్చ పోయకుండా ఉండాలంటే గోడ మీద దేవుడి బొమ్మల పలకలు అతికిస్తారు. దేవుడితో ఇన్ని చాకిరీలు చేయించుకునే భక్తులు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. నెల తిరక్కుండా ఆ వీధి మిద్దెలన్నీ గుళ్ళతో నిండిపోయాయి. సిమెంటు మండపం, దాని మీద బుల్లి గోపురం, గోపురం మీద నిలువుగా ఈటె లాంటి రాగి వేలాయుధం. ఎదురింటివాడి కన్నా మనది ఎత్తుగా ఉండాలని పంతం. తలైవరు తన గుడిని ఏకంగా నీళ్ళ ట్యాంకు మీద కట్టించి, వేలాయుధానికి మినుకుమినుకుమనే లైట్లు చుట్టించాడు.

బావ కట్టలేదు. వీధి మొదట్లో ఆయన ఇల్లే బోడి మిద్దెతో మిగిలిపోయింది. తలైవరు వచ్చాడు. వరసకు బావను మామా అంటాడు.

"మామా, వీదికి నీ ఇల్లే మొదలు. నీ మిద్ది మీద సామి లేకపోతే మాకందరికీ నామర్దా."

"నా సామి తిరుత్తణి కొండ మీద ఉండాడు. ఆయనకు మళ్ళా అద్దె ఇల్లు ఏంటికి?"

"సామికోసరం కాదు మామా. ఇంటికోసరం."

"అదేరా నేనూ అడిగేది. నీ ఇంటికి కావిలి ఉండమని సామికి చెప్పే పెట్టినావా, చెప్పకుండా పెట్టినావా?"

"నీతో మాట్లాడేదానికి లేదు మామా."

"వాచ్‌మేన్ కావాలంటే కూలిచ్చి పెట్టుకో. ఎండలో సామిని నిలబెట్టి కాదు."

ఈయన నాస్తికుడేమో అనుకునేరు. ఆ వీధిలో ఆయనంత భక్తి నేను ఎవరిలోనూ చూడలేదు. తమిళ పంచాంగంలోని ఆడి నెలలో కృత్తిక నాడు తిరుత్తణి కొండకు కావళ్ళు పోతాయి. ఆ వీధి నుంచి పోయే కావళ్ళలో మొదటిది తాతల నాటి నుంచీ బావ వాళ్ళ ఇంట్లోంచి లేవాలి. వంపు తిరిగిన కొయ్య కావడి. దానికి నెమలి ఈకలు, పూలు, రెండు వైపులా పాల చెంబులు. అది భుజాన పెట్టుకుని ఆయన వాకిట్లోకి వస్తేనే డప్పు మొదలయ్యేది. ఏడాదంతా మగ్గం గుంటలో సగం మునిగి ఉండే మనిషి ఆ ఒక్క రోజు నిలువెత్తున కనిపించేవాడు.

ఎత్తులు కొలిచేవాళ్ళు మైదానం నుంచి వేసవిలో వచ్చారు. మూడు కాళ్ళ పరికరం ఒకటి తెచ్చి వీధి మొదట్లో, అంటే బావ ఇంటి ముందు నిలబెట్టారు. వాళ్ళొస్తే ఏం చెప్పాలో తలైవరు ముందే ఇల్లిల్లూ తిరిగి నూరిపోశాడు. ఈ గుళ్ళు తాతల కాలం నాటివి, అంతే చెప్పాలి. ఎండ మాడుస్తోంది. బావ వాళ్ళకు మజ్జిగ ఇచ్చాడు. వాళ్ళలో ఒక అధికారి చెంబు తిరిగిస్తూ తమిళంలో అడిగాడు, "ఈ గుళ్ళన్నీ పాతవా పెద్దాయనా?" అని.

వీధిలోని తలుపుల వెనకాలంతా చెవులే.

"లేదు సార్. నోటీసు వచ్చినాక కట్టినవే" అన్నాడు బావ.

కొలతలో తేలిన సంగతి రాస్తుంటే ఇప్పటికీ నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. ఎత్తు కొలిచేటప్పుడు మిద్దె దగ్గర ఆపరు. దాని మీద ఉన్న ట్యాంకు, గుడి, ఆ గుడి మీది వేలాయుధం, అన్నిటికన్నా పైనున్న మొన దాకా కొలుస్తారు. ఇళ్ళన్నీ హద్దు లోపలే ఉన్నాయి. హద్దు దాటింది దేవుళ్ళే. ఇంటికి ముప్పు రాకూడదని పెట్టినవే ముప్పు తెచ్చాయి. గుళ్ళు తీసెయ్యమని ఇంటింటికీ ఆర్డరు వచ్చింది, బావ ఇంటికి తప్ప.

ఆ సాయంత్రం వీధి వీధంతా ఆయన తిన్నె ముందుకు వచ్చింది. నేనూ ఉన్నాను.

"ఒక్క అబద్దం చెప్తే నీ సొత్తేం పొయ్యింది మామా?" అన్నాడు తలైవరు.

"నేను చెప్పకపోయినా ఆ సిమెంటు చెప్తుంది కదరా. ఇంకా తడే ఆరలా."

"మిలిటరీ వాళ్ళు నీకేమన్నా పెన్షన్ ఇస్తామన్నారా?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

బావ నవ్వలేదు. "పైన తిరిగేవాడు పిల్లోడు. నేర్చుకుంటా ఉండాడు. వాడు బయంతో కిందికి చూస్తే సామి మొన కనపడాలనా? వాడికీ ఒక అమ్మ ఉంటాది" అన్నాడు.

"వాడి అమ్మ సంగతి నీకేంటికి? నీ వీది సంగతి చూసుకో" అన్నాడు తలైవరు.

చదువుకున్నవాళ్ళు ఇంతకన్నా మేలేమీ కాదు. నాతో పని చేసి రిటైరైన లెక్కల మేష్టారొకాయన, తిరువళ్ళూరు చుట్టూ ప్లాట్లు అమ్మే దళారీగా మారాడు. స్టేషనులో నన్నాపి "మీ బావ లాంటివాళ్ళ వల్లే మన జిల్లా ఎదగడం లేదండీ" అన్నాడు. ఎదగడం అంటే ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోవడమని ఈయన ఎన్ని వందల మంది పిల్లలకు నేర్పాడో! అతడి కరపత్రాల మీద పదంతస్తుల మేడలు, వాటి మీదుగా ఎగిరే విమానం. ఆ రెంటికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలన్న సంగతి లెక్కలు చెప్పినవాడికే తట్టకపోతే ఇంకెవరికి తట్టాలి?

ఆ ఏడు ఆడి కృత్తికకు మొదటి కావడి తలైవరు ఇంట్లోంచి లేచింది. కొత్త కావడి. దానికి బ్యాటరీ లైట్లు. బావ మామూలుగానే తెల్లవారుజామున తలంటుకుని, కావడికి పూలు కట్టి, పసుపు పంచె కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. తనను వద్దన్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. డప్పులు దగ్గరికొచ్చాయి. సరిగ్గా ఆయన ఇంటి ముందుకు రాగానే ఆగిపోయాయి. చావు ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు మేళం ఆపినట్టు ఆపేశారు. కావళ్ళన్నీ తలలు వంచుకుని ఆ ఇంటిని దాటాయి. వీధి దాటాక మళ్ళీ డప్పు మొదలైంది.

బావ లోపలికి వచ్చి కావడి దించాడు. "నాకు చెవుడు వచ్చిందేమో అనుకున్నా బామ్మర్దీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్కడివే ఎత్తుకుని పద. కొండేమన్నా వాళ్ళ అబ్బ సొత్తా? నేను వెనకాలే వస్తాను" అన్నాను.

ఆయన పూలు ఒక్కొక్కటే విప్పుతూ అన్నాడు. "మోసేది ఒక్కడే. కానీ ఒక్కడుగా పొయ్యేది కాదు, కావిడి. వాళ్ళు పిలవాల."

వాళ్ళు పిలవలేదు. తర్వాత వచ్చిన ఏ ఆడి నెలలోనూ పిలవలేదు. ప్రతి ఏడూ ఆయన పూలు కట్టేవాడు. ప్రతి ఏడూ డప్పు ఆగేది. ఆయనకు ఇంక ఏ కోరికా లేదు. కూతురి పెళ్ళి అయింది. మగ్గం మూసేశాడు. ఆ ఒక్క పిలుపు కోసమే తిన్నె మీద కూర్చున్నాడు.

ఈలోగా ఆర్డరు గడువు ముగిసింది. వీధివాళ్ళు తమ గుళ్ళను తామే కొట్టేసుకున్నారు. గుడి పోయింది, మరి దేవుణ్ణి ఏం చెయ్యాలి? ఇంట్లో పెట్టుకుంటే రోజూ నీళ్ళు పోయాలి, దీపం పెట్టాలి, మైల పాటించాలి. పారేద్దామంటే భయం. ఒకరోజు బావా అక్కా కూతురింటికి పాండూరు వెళ్ళి తిరిగొచ్చేసరికి తిన్నె మీద ఒక వినాయకుడు కూర్చుని ఉన్నాడు. పక్కనే గోడకు ఆనించిన వేలాయుధం. తర్వాత రోజు ఇంకో ఇద్దరు. వారం తిరిగేసరికి ఇంట్లోకి నడవడానికి దారి మిగల్లేదు. మనిషిని వెలివేసినవాళ్ళే తమ దేవుళ్ళను తెచ్చి ఆ మనిషి వాకిట్లో వదిలేశారు. ఎవరూ చూడని వేళ చూసి, ఒక్క మాట చెప్పకుండా.

నేనైతే వాటిని బండికెత్తించి మండపంలో పోయించి ఉండేవాణ్ణి. ఆ మాటే అన్నాను. బావ వినిపించుకోలేదు. బిందెతో నీళ్ళు తెచ్చి ఒక్కొక్కరికీ ఒళ్ళు కడుగుతున్నాడు.

"ఈ వినాయకుడి తొండం చూడు. మేస్త్రీకి కూలి తగ్గించినారు, వాడు తొండం తగ్గించినాడు" అన్నాడు. ఇంకో విగ్రహం పీట చూపించాడు. మా అరవనాట ట్యూబులైటు దానం చేసినా దాని మీద పేరు రాసుకుంటారు, వెలుతురు ఎంత తగ్గినా సరే. ఆ పీట మీద కూడా ఎనామిల్ పెయింటుతో పేరుండేది. దాన్ని ఉలితో గీకేసి వదిలారు. అన్నిటికన్నా పెద్ద విగ్రహం అది. ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు.

"వీధిలోకి వినబడేటట్టు చెప్పు బావా, ఎవరిదో."

"సామిది" అన్నాడు బావ.

అప్పటి నుంచి పోయేదాకా ఆయనకు అదే పని. రోజూ తెల్లారి అందరికీ నీళ్ళు పోసేవాడు. దగ్గు వస్తే బిందె దించి, దగ్గి, మళ్ళీ ఎత్తేవాడు. చివరికి బిందె చెంబు అయింది. పోయే ముందు కొన్నాళ్ళు వైద్యానికి తిరువళ్ళూరులో మా ఇంట్లో ఉన్నాడు. ఒకటే అడిగేవాడు. "ఆడి ఎప్పుడు బామ్మర్దీ? ఈ తూరి పిలుస్తారంటావా?" పిలుస్తారన్నాను. ఆయన నా వంక చూసి, "ఇంత చదివినావు, అబద్దం చెప్పేదానికి రాదే నీకు" అన్నాడు.

ఆడి ఇంకా నెల దూరం ఉందనగా ఊరికి తీసుకుపొమ్మన్నాడు. తిన్నె మీదే, గోడకు ఆనుకుని, పోయాడు.

చావుకు అందరూ వచ్చారు. వీధి మొదట్లో బావ ముఖం ఉన్న ఫ్లెక్సీ. భుజం పట్టడానికి పోటీ పడ్డారు. తలైవరు కళ్ళు తుడుచుకున్నాడు. ఫోటో తీసేవాడు అటు తిరిగేదాకా తుడుస్తూనే ఉన్నాడు. అక్క నన్ను ఏమీ అననివ్వలేదు.

కర్మ అయిన మరునాడు పొద్దున తలైవరు మరో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. తిన్నె నిండా విగ్రహాలే కాబట్టి వీధిలోనే నిలబడ్డారు. అక్క గడపలో నిలబడింది.

"అత్తా, ఏడాది మీ ఇంట్లో పండగ లేదు కదా. కావిడి ఊరికే, సుమ్మానే ఉండేది ఏంటికి? ఇయ్యి. ఈ తూరి మామ పేరు మీద అదే ముందర పోతాది. ఊరంతా మెచ్చుకోవాల."

"ఆయన ఉండంగా ఏంటికి పిలవలా?"

"అదంతా ఇప్పుడేంటికి అత్తా? పోయినోళ్ళతో పగ ఉంటాదా?"

పక్కవాడు నోరు జారాడు. "ఫ్లెక్సీ కూడా కొట్టించేసినాం పెద్దమ్మా, కావిడి బొమ్మతో."

అడగడానికి ముందే అచ్చు వేయించేశారు. నేను నోరు తెరవబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇస్తాను" అంది. "దూలానికి కట్టి ఉంది, దించి ఇస్తాను. దానికి ముందర మీ సాముల్ని మీరు ఎత్తుకుపోండి. ఇప్పుడు నాకు బిందె ఎత్తేదానికి శక్తి లేదు."

ఎవరూ కదల్లేదు.

"ఎవురిది ఏదో నాకు తెలుసు. ఆయన చెప్పొద్దన్నాడు, నేను చెప్పను. మీరే చూసి, ఇది మాది అని ఎత్తుకోండి. ఆఖరి సామి పోతానే కావిడి ఇస్తాను."

అయిదుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు, తమది ఇందులో లేదన్నాడు. ఇంకొకడు, తమది అప్పుడే నదిలో వదిలేశామన్నాడు. తలైవరు గొలుసు సవరించుకున్నాడు. పేరు గీకేసిన పీట అతడి మోకాళ్ళ ఎదురుగానే ఉంది.

"మాది పెద్దది అత్తా. ఇందులో లేదు" అన్నాడు.

అక్క లోపలికి వెళ్ళి చెంబు తెచ్చుకుని, తిన్నె అంచున కూర్చుని పొట్టి తొండం వినాయకుడికి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. అప్పుడే విమానం వచ్చింది. ఎవరో కొత్తవాడు కాబోలు, మలుపు దగ్గర కాస్త తడబడి, వెడల్పుగా తిరిగాడు. అయిదుగురూ ఒక్కసారిగా తలలెత్తి చూశారు. అది మిద్దెల మీదుగా మళ్ళి, మైదానం వైపు చిన్నదై, కనబడకుండా పోయింది. మోత కూడా పోయింది. అక్క ఒక విగ్రహం ముగించి పక్కదానికి జరిగింది. వాళ్ళు మాత్రం తలలు దించలేదు. దించితే తిన్నె కనబడుతుంది. ఆ ఎండలో, ఏమీ లేని ఆకాశం వంక, అయిదుగురు మగవాళ్ళు అలా చూస్తూనే నిలబడ్డారు.